ఆబ్జెక్టును అక్షరాల్లో పెట్టడం: సీ ఎక్స్‌టెన్షన్లలో ఫార్మాటింగ్‌పై సమీక్ష

పైథాన్‌లో గానీ రూబీలో గానీ ఒక విలువను తెర మీద చూపించడానికి ఒక్క మాట చాలు. అదే విలువ సీలో రాసిన ఎక్స్‌టెన్షన్ చేతికి వస్తే అంత తేలిక కాదు. అక్కడ అదొక పాయింటర్. దాని వెనక ఉన్నది అంకో, లిస్టో, వాడుకరి నిన్న రాసుకున్న కొత్త క్లాసో సీ కంపైలర్‌కు తెలియదు. ఆ సంగతి ఇంటర్‌ప్రెటర్‌కే తెలుసు. ఫలానా విలువ ఇక్కడ చెల్లదని ఒక్క వాక్యం ఎర్రర్ మెసేజ్ రాయాలన్నా ఎక్స్‌టెన్షన్ రచయిత ఇంటర్‌ప్రెటర్ సాయం అడగక తప్పదు.

ఎలా అడగాలన్న దాని మీద ఒక్కో భాషా సమాజం ఒక్కో దారి పట్టింది. ఈ చర్చలో నాలుగు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. తయారైన పాఠ్యం ఎవరి సొంతం, దాన్ని ఎప్పుడు వదలాలి? ఫార్మాట్ స్ట్రింగ్‌లో తప్పుంటే పట్టుకోవాల్సింది ఎవరు? విలువను అక్షరాల్లో పెట్టే పనిలో వాడుకరి రాసిన కోడ్ నడవొచ్చా? పొడవు ఎక్కువైతే ఎక్కడ కత్తిరించాలి? మొదటి ప్రశ్నకు జవాబు దొరికిందనే నా అభిప్రాయం. మిగతా మూడూ ఇంకా నలుగుతున్నాయి, ముఖ్యంగా మూడోది. దానికి దక్కాల్సినంత శ్రద్ధ దక్కలేదు.

ప్రింట్‌ఎఫ్ వారసత్వం

ఈ ఇంటర్‌ప్రెటర్లలో ఎక్కువ భాగం సీలో పుట్టినవే కాబట్టి వాటికి వారసత్వంగా వచ్చింది ప్రింట్‌ఎఫ్ పద్ధతి. ఒక ఫార్మాట్ స్ట్రింగ్, అందులో శాతం గుర్తు, ఆ గుర్తు పక్కన ఒక అక్షరం, వెనక ఎన్నైనా ఆర్గ్యుమెంట్లు. పిలిచిన ఫంక్షన్‌కు ఆ ఆర్గ్యుమెంట్ల రకాలు తెలిసే మార్గం ఫార్మాట్ స్ట్రింగ్ ఒక్కటే. అక్కడ చిన్న ఎస్ అని రాసి ఇక్కడ పూర్ణాంకం ఇస్తే ఆ అంకెనే చిరునామా అనుకుని మెమరీలోకి చెయ్యి పెడుతుంది.

ఈ ప్రమాదానికి జీసీసీ లాంటి కంపైలర్లు ఒక విరుగుడు తెచ్చాయి. ఒక ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్ తరహాదని డిక్లరేషన్‌లో చెబితే, ఫార్మాట్ స్ట్రింగుకూ ఆర్గ్యుమెంట్లకూ పొంతన ఉందో లేదో కంపైల్ చేసేటప్పుడే సరిచూసి హెచ్చరిస్తాయి. అయితే ఆ తనిఖీకి తెలిసినవి ప్రామాణిక సీ అక్షరాలే. పైథాన్ ఆబ్జెక్టుకో రూబీ విలువకో కొత్త అక్షరం కేటాయిస్తే కంపైలర్ దాన్ని గుర్తించదు. కొత్త అక్షరం కావాలా, పాత తనిఖీ కావాలా అన్న ఈ ఎంపిక దగ్గరే తర్వాతి దారులన్నీ చీలిపోయాయి.

ముందు మార్చుకుని తర్వాత అచ్చు వేయడం

అన్నిటికన్నా పాత పద్ధతిలో ఇంటర్‌ప్రెటర్‌తో పని మొదటి అడుగుతోనే అయిపోతుంది. ఆబ్జెక్టును స్ట్రింగ్‌గా మార్చమని అడగాలి, ఆ స్ట్రింగ్ లోపలున్న క్యారెక్టర్ పాయింటర్ తీసుకోవాలి, దాన్ని మామూలు ప్రింట్‌ఎఫ్‌కు చిన్న ఎస్ కింద ఇవ్వాలి. కంపైలర్ తనిఖీ పూర్తిగా పనిచేస్తుంది, నేర్చుకోవాల్సిన కొత్త అక్షరమూ లేదు. ఇప్పటికీ చాలా ఎక్స్‌టెన్షన్లలో కనిపించేది ఇదే.

ఇందులోని చిక్కు పైథాన్‌లో ఎలా ఉంటుందో చూద్దాం. పైఆబ్జెక్ట్_రెప్ర్‌ను పిలవగానే కొత్త స్ట్రింగ్ ఆబ్జెక్టు ఒకటి పుడుతుంది, దాని రెఫరెన్స్ మనదే. ఆ ఫలితాన్ని నేరుగా పైయూనికోడ్_యాజ్‌యూటీఎఫ్8 నోట్లో పెడితే క్యారెక్టర్ పాయింటర్ వస్తుంది. అది ఆ స్ట్రింగ్ లోపలే దాచి ఉంచిన యూటీఎఫ్-8 ప్రతికి చూపుడు. ఒకదాన్నొకటి మింగేలా రెండు పిలుపులూ ఒకే వరుసలో రాస్తే మధ్యలో పుట్టిన స్ట్రింగ్‌కు పేరుండదు. పేరు లేనిదాన్ని వదిలించుకునే దారీ లేదు, మెసేజ్ రాసిన ప్రతిసారీ ఒక స్ట్రింగ్ లీకవుతుంది. జాగ్రత్తపడి పేరు పెట్టి, అచ్చు వేయకముందే వదిలేస్తే పాయింటర్ చచ్చిన మెమరీని చూపిస్తుంది. ఈ రెండూ దాటినా ఇంకోటి ఉంది. జతలేని సర్రొగేట్ ఉన్న స్ట్రింగ్ యూటీఎఫ్-8లోకి మారదు. అప్పుడు తిరిగొచ్చేది నల్. దాన్ని చూడకుండా ప్రింట్‌ఎఫ్‌కు ఇస్తే ఎర్రర్ చెప్పబోయిన ప్రోగ్రామే కూలిపోవచ్చు.

రూబీలో ఇదే పొరపాటు మరో వేషంలో వస్తుంది. అక్కడ రెఫరెన్స్ కౌంట్ లేదు. గార్బేజ్ కలెక్టర్ మెషిన్ స్టాక్‌ను వెతికి, అక్కడ కనిపించిన విలువలను బతికి ఉన్నట్టు లెక్కేస్తుంది. స్ట్రింగ్ లోపలి పాయింటర్ తీసుకున్నాక అసలు విలువతో పని లేదని కంపైలర్ ఆప్టిమైజర్ దాన్ని రిజిస్టర్ నుంచి తుడిచేయొచ్చు. ఆ క్షణంలో కలెక్టర్ నడిస్తే స్ట్రింగ్ పోతుంది, మన చేతిలో పాయింటర్ మిగులుతుంది. దీన్ని ఆపడానికే ఆర్‌బీ_జీసీ_గార్డ్ అనే మాక్రో ఉంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే, అదీ ఆప్టిమైజేషన్ పెంచినప్పుడే బయటపడే ఇలాంటి తప్పును పట్టుకోవడం అనుభవజ్ఞులకూ కష్టం.

పెర్ల్‌లో నష్టపోయేది ఎన్‌కోడింగ్. పెర్ల్ స్ట్రింగ్‌లో బైట్లు ఒక చోట, అవి యూటీఎఫ్-8 అని చెప్పే జెండా మరో చోట ఉంటాయి. క్యారెక్టర్ పాయింటర్ ఒక్కటే తీసుకుంటే జెండా వెనకే ఉండిపోతుంది. తెలుగులో ‘త’ మూడు బైట్లు. జెండా లేకుండా వెళ్తే ఆ మూడూ మూడు వేర్వేరు లాటిన్-1 గుర్తులుగా చదవబడి, మరోసారి ఎన్‌కోడ్ అయి, చదవడానికి వీల్లేని చెత్తగా బయటికొస్తాయి. ఆంగ్లంలో మాత్రమే పరీక్షించిన ఎక్స్‌టెన్షన్‌లో ఈ లోపం ఏళ్ల తరబడి దాగి ఉండగలదు.

ఆబ్జెక్టుకే ఒక అక్షరం

రెండో దారిలో ఆబ్జెక్టును ఆబ్జెక్టుగానే ఫార్మాటర్‌కు అప్పగిస్తారు. మార్చడం, మార్చినదాన్ని కాపాడటం, పనయ్యాక వదిలేయడం అన్నీ ఫార్మాటర్ బాధ్యతే. సీపైథాన్ దీన్ని నిండుగా అమలు చేసింది. పైయూనికోడ్_ఫ్రమ్‌ఫార్మాట్‌లో పెద్ద ఎస్ రాస్తే స్ట్ర్ (మామూలుగా చదువుకునే రూపం) ఫలితం, పెద్ద ఆర్ రాస్తే రెప్ర్ (ప్రోగ్రామర్ కోసం, స్ట్రింగ్ అయితే కొటేషన్లతో సహా చూపే రూపం) ఫలితం, పెద్ద ఏ రాస్తే ఆస్కీకి కుదించిన రూపం. పెద్ద యూ ఇప్పటికే స్ట్రింగ్ అయిన ఆబ్జెక్టుకు. పెద్ద వీ అయితే ఆబ్జెక్టు ఉంటే దాన్ని, లేకపోతే పక్కనిచ్చిన సీ స్ట్రింగ్‌ను తీసుకుంటుంది. ఎక్సెప్షన్ లేవదీసే పైఎర్_ఫార్మాట్ కూడా ఈ అక్షరాలనే అర్థం చేసుకుంటుంది. పీహెచ్‌పీ లోపలి ఫార్మాటర్లో పెద్ద జెడ్ ఇదే కోవలోది.

పెద్ద ఏ ఎందుకు అవసరమైందన్న సంగతి మన లిపికీ సంబంధించినదే. పైథాన్ 2లో ‘తెలుగు’ అనే యూనికోడ్ స్ట్రింగ్‌కు రెప్ర్ అడిగితే అక్షరాలు వచ్చేవి కావు, ఆరు కోడ్ పాయింట్ల ఎస్కేప్ వరుస వచ్చేది. 2008లో అట్సువో ఇషిమోటో రాసిన పెప్ 3138 అనే పైథాన్ మార్పు ప్రతిపాదనతో పైథాన్ 3 ఈ పద్ధతి మార్చుకుంది. అచ్చు వేయదగిన ఏ లిపి అక్షరాన్నైనా రెప్ర్ యథాతథంగా చూపిస్తుంది. పాత ప్రవర్తన కావాలన్నవారికి ఆస్కీ అనే వేరే ఫంక్షన్ ఇచ్చారు, దానికి సీ వైపు జోడీ పెద్ద ఏ. తెలుగు, జపనీస్, అరబిక్ డేటాతో పనిచేసేవారికి ఎర్రర్ మెసేజ్ చదివితే అర్థమయ్యే స్థితి అప్పుడే వచ్చింది.

ఇందుకు చెల్లించిన మూల్యం కంపైలర్ తనిఖీ. సీపైథాన్ హెడర్లలోనే ఇది కనిపిస్తుంది. పైసిస్_రైట్‌స్టడ్‌అవుట్ ప్రామాణిక ప్రింట్‌ఎఫ్ అక్షరాలతో సరిపెట్టుకుంటుంది, దాని డిక్లరేషన్‌కు తనిఖీ గుర్తు ఉంది. అయితే ఫలితం 1000 బైట్లు దాటకుండా చూసుకునే బాధ్యత పిలిచేవారిదే. దాని తోబుట్టువు పైసిస్_ఫార్మాట్‌స్టడ్‌అవుట్‌కు ఆ హద్దు లేదు, ఆబ్జెక్టులూ తీసుకుంటుంది. కానీ తనిఖీ గుర్తు లేదు. పెద్ద ఆర్ రాసి పొరపాటున క్యారెక్టర్ పాయింటర్ ఇచ్చినా కంపైలర్ నోరు మెదపదు.

నడుస్తున్నప్పుడు చేసే తనిఖీ కూడా చాలాకాలం మెతకగానే ఉండేది. గుర్తించలేని అక్షరం ఎదురైతే పైథాన్ మిగతా ఫార్మాట్ స్ట్రింగ్‌ను ఉన్నదున్నట్టు ఫలితంలోకి ఎక్కించి, మిగిలిన ఆర్గ్యుమెంట్లను వదిలేసేది. 3.12 నుంచి అది సిస్టమ్‌ఎర్రర్ అయింది. చిన్న మార్పే అయినా చేయాల్సిన మార్పు. తప్పు ఫార్మాట్ స్ట్రింగ్ చూడటానికి బాగానే ఉన్న మెసేజ్ ఇస్తుంటే దాన్ని ఎవరూ సరిదిద్దరు.

కంపైలర్‌ను ఒప్పించడం

పెర్ల్, రూబీ మూడో దారి పట్టాయి. ఆబ్జెక్టు నేరుగా వెళ్లాలి, కంపైలర్ తనిఖీ కూడా పోకూడదు. అందుకు కంపైలర్ తప్పు పట్టలేని సీ అక్షరాల్లోనే కొత్త అర్థాన్ని దాచాయి.

పెర్ల్‌లో ఎస్‌వీఎఫ్ అనే మాక్రో విప్పితే వచ్చేది మైనస్ గుర్తు, పీ. సీ ప్రమాణంలో పీ అంటే పాయింటర్ చిరునామా, మైనస్ అంటే ఎడమకు జరపమని. కంపైలర్ దృష్టిలో ఇది శుద్ధమైన ఫార్మాట్. పెర్ల్ ఫార్మాటర్ దృష్టిలో మాత్రం పీ ముందు మైనస్ ఉంటే వచ్చేది పెర్ల్ విలువ. పీ ముందు 2 ఉంటే హ్యాష్ కీ, 4 ఉంటే యూటీఎఫ్-8 జెండాతో, పొడవుతో కలిసి వచ్చే బైట్ల వరుస. లైనక్స్ కెర్నల్ వాళ్లు కూడా ఐపీ చిరునామాలు, ఫంక్షన్ పేర్లు అచ్చు వేయడానికి ఇదే ఆలోచన చేశారు. వాళ్లు అక్షరాలను పీ తర్వాత తగిలించారు.

రూబీ ఉపాయం ఇంకా ఆసక్తికరం. పీఆర్‌ఐఎస్‌వాల్యూ మాక్రో విప్పితే పూర్ణాంకానికి వాడే ఐ అక్షరం, దాని వెంటనే ఒక వర్టికల్ ట్యాబ్. కంపైలర్‌కు అది ఒక పూర్ణాంకం, తర్వాత మామూలు పాఠ్యం. రూబీ విలువ లోపల పూర్ణాంకమే కాబట్టి తనిఖీ సాఫీగా గడిచిపోతుంది. ఆర్‌బీ_ఎస్‌ప్రింట్‌ఎఫ్‌కు ఆ ట్యాబ్ కనిపించగానే ఇది రూబీ విలువ అని తెలిసి టు_ఎస్ పిలుస్తుంది. ముందు ప్లస్ గుర్తు పెడితే ఇన్‌స్పెక్ట్. ఎక్సెప్షన్ లేవదీసే ఆర్‌బీ_రెయిజ్‌కూ ఇదే వర్తిస్తుంది. స్ట్రింగ్‌ను ఫార్మాటరే పట్టుకుని ఉంటుంది కాబట్టి గార్బేజ్ కలెక్టర్ భయం లేదు, ఎన్‌కోడింగ్ కూడా విలువతోపాటే వస్తుంది.

ఈ తనిఖీ ఎంతవరకు నమ్మదగినదో కూడా చూడాలి. పెర్ల్ విషయంలో కంపైలర్ ధ్రువీకరించేది వచ్చింది పాయింటరే అని, అంతవరకే. రూబీ విషయంలో ధ్రువీకరించేది సరిపడా వెడల్పున్న పూర్ణాంకం అని. లాంగ్ రకపు వేరియబుల్‌లో 5 ఉందనుకుందాం, దాన్ని పొరపాటున పీఆర్‌ఐఎస్‌వాల్యూకు ఇచ్చామనుకుందాం. హెచ్చరిక రాదు, కూలిపోదు. రూబీ చిన్న పూర్ణాంకాలను రెట్టింపు చేసి ఒకటి కలిపి దాచుకుంటుంది కాబట్టి 5 అనే బిట్ల వరుస దానికి 2 అనే విలువ. తెర మీద 2 అని పడుతుంది. ఎర్రర్ మెసేజ్‌లో తప్పు అంకె కనిపించడం కన్నా కూలిపోవడమే మేలని నేననుకుంటాను. కూలితే ఎక్కడ కూలిందో వెతుకుతాం. తప్పు అంకెను నమ్మి మరోచోట వెతుకుతూ కూర్చుంటాం.

అక్షరమే అక్కర్లేదన్నవారు

లువా ఈ పోటీలోకి దిగలేదు. లువా_పుష్‌ఎఫ్‌స్ట్రింగ్‌కు తెలిసిన అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వెడల్పు, కోత లాంటి సోకులేవీ లేవు. లువా విలువను నేరుగా తీసుకునే అక్షరమూ లేదు. కావాలంటే 5.2లో వచ్చిన లువాఎల్_టుల్‌స్ట్రింగ్‌ను ముందు పిలవాలి. అది విలువను స్ట్రింగ్‌గా మార్చి స్టాక్ మీద పెట్టి, దాని పాయింటర్ ఇస్తుంది. పైకి ఇది మొదటి దారిలాగే కనిపించినా అసలు తేడా స్టాక్‌లో ఉంది. స్టాక్ మీద ఉన్నంతకాలం గార్బేజ్ కలెక్టర్ దాన్ని తాకదు, ఫంక్షన్ ముగియగానే స్టాక్ తనంతట తానే ఖాళీ అవుతుంది. లీక్‌కు చోటు లేదు.

అయినా ఒక ఉచ్చు మిగిలింది. లువా_టుల్‌స్ట్రింగ్ అనే పాత ఫంక్షన్ పేరులో దాదాపు అలాగే ఉంటుంది గానీ, స్టాక్ మీద ఉన్నది అంకె అయితే ఆ అంకెనే స్ట్రింగ్‌గా మార్చేస్తుంది. టేబుల్ కీలను లువా_నెక్స్ట్‌తో వరుసగా చూస్తూ మధ్యలో దీన్ని పిలిస్తే కీ రకం మారిపోయి నడక దారి తప్పుతుంది. లువా మాన్యువలే ఈ విషయం హెచ్చరిస్తుంది.

టీసీఎల్ కథ వేరు. అక్కడ ప్రతి విలువకూ స్ట్రింగ్ రూపం ఉండి తీరాలన్నది భాష పునాది. 8.0తో వచ్చిన టీసీఎల్_ఆబ్జ్ లోపల అంకె రూపమో లిస్టు రూపమో ఉన్నా, టీసీఎల్_గెట్‌స్ట్రింగ్ పిలిస్తే స్ట్రింగ్ రూపం తయారై ఆ ఆబ్జెక్టులోనే ఉండిపోతుంది. అది విఫలం కాదు, వాడుకరి కోడ్‌ను నడపదు. ఈ చర్చలోని సగం సమస్యలు టీసీఎల్‌లో పుట్టనే పుట్టవు. విలువలకు సొంత ప్రవర్తన ఇవ్వగల భాషలకు మాత్రం ఈ సుఖం అందదు.

జావాస్క్రిప్ట్ వైపు నోడ్-ఏపీఐ కూడా ఫార్మాటర్ ఇవ్వదు. విలువను స్ట్రింగ్‌గా మార్చే పిలుపు ఒకటి, దాని బైట్లను మన బఫర్‌లోకి కాపీ చేసే పిలుపు మరొకటి. మధ్య పని అంతా రచయితదే.

పక్కపక్కన పెడితే

పాఠ్యం ఎవరి సొంతమన్న ప్రశ్నకు మొదటి దారి తప్ప మిగతావన్నీ దాదాపు ఒకే జవాబిచ్చాయి: ఇంటర్‌ప్రెటర్‌దే. పైథాన్ ఫార్మాటర్ లోపల, రూబీ, పెర్ల్ మాక్రోల వెనక, లువా స్టాక్ మీద, టీసీఎల్ ఆబ్జెక్టులోనే, ఎక్కడున్నా దాని ఆయుష్షు లెక్క ఎక్స్‌టెన్షన్ రచయిత చేతిలో లేదు. కొత్తగా రాసే కోడ్‌లో క్యారెక్టర్ పాయింటర్ బయటికి తీసి ప్రింట్‌ఎఫ్‌కు ఇవ్వడానికి సమర్థన దొరకడం కష్టం.

తప్పును పట్టుకునే విషయంలో క్రమం తారుమారవుతుంది. చదవడానికి హాయిగా ఉండేది పైథాన్ పద్ధతి, కంపైలర్ సాయం అసలు దొరకనిదీ అదే. రూబీ మాక్రోను ఫార్మాట్ స్ట్రింగ్ మధ్యలో కొటేషన్లు తెరిచి మూసి ఇరికించాలి, కంటికి ఇబ్బందే. కానీ ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పితే కంపైలర్ వెంటనే చెబుతుంది. ఆచరణలో ఎక్కువగా జరిగే పొరపాటు అదే కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మొగ్గు రూబీ, పెర్ల్ వైపు.

ఎర్రర్ చెప్పబోయి మరో ఎర్రర్

ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడ. పెద్ద ఆర్ అనే ఒక్క అక్షరం వెనక ఎంత కోడ్ నడుస్తుందో ఫార్మాట్ స్ట్రింగ్ చూస్తే తెలియదు. ఆబ్జెక్టు క్లాసులో రెప్ర్ ఉంటే అది నడుస్తుంది. అది ఫైళ్లు తెరవొచ్చు, డేటాబేస్‌ను అడగొచ్చు, మరో ఎక్సెప్షన్ లేవదీయొచ్చు, లక్ష మూలకాల లిస్టును పూర్తిగా అక్షరాల్లో పోయొచ్చు. సాధారణంగా ఎర్రర్ మెసేజ్ తయారయ్యేది ఏదో ఒక పని సగంలో ఆగిపోయినప్పుడు. లోపలి డేటా నిర్మాణాలు అప్పటికి పొందిక తప్పి ఉండొచ్చు. అలాంటి వేళ బయటి కోడ్‌ను లోపలికి పిలవడం ప్రమాదం.

సీపైథాన్ నిర్వాహకులు దీన్ని గమనించకపోలేదు. ఇప్పటికే ఒక ఎక్సెప్షన్ నిలిచి ఉండగా పైఆబ్జెక్ట్_స్ట్ర్‌ను పిలిస్తే అది కొట్టుకుపోవచ్చు కాబట్టి, 3.4 నుంచి డీబగ్ బిల్డ్‌లో అక్కడొక తనిఖీ పెట్టారు. పైఎర్_ఫార్మాట్ కూడా పాఠ్యం తయారు చేయడానికి ముందు పాత ఎక్సెప్షన్‌ను తుడిచేస్తుంది. ఫార్మాటింగ్‌లో ఏ పైథాన్ కోడైనా నడవొచ్చన్నదే అక్కడి కారణం.

2022లో ఈ సమస్యకు కొత్త కోణం తోడైంది. చాలా పెద్ద పూర్ణాంకాన్ని దశాంశ అంకెల్లోకి మార్చడానికి పట్టే సమయాన్ని ఆసరా చేసుకుని సర్వర్లను స్తంభింపజేయవచ్చన్న భద్రతా లోపానికి మందుగా, అప్రమేయంగా 4300 అంకెల హద్దు పెట్టారు. దాటితే వాల్యూఎర్రర్. అంకె మరీ పెద్దదని ఓవర్‌ఫ్లోఎర్రర్ లేవదీస్తూ ఆ అంకెనే పెద్ద ఆర్‌తో మెసేజ్‌లో పెట్టే ఎక్స్‌టెన్షన్‌ను ఊహించండి. అంకె 4300 అంకెలు దాటితే రెప్ర్ విఫలమవుతుంది, ఫార్మాటర్ నల్ ఇస్తుంది, పైఎర్_ఫార్మాట్ తాను చెప్పబోయిన ఓవర్‌ఫ్లోఎర్రర్‌ను వదిలేస్తుంది. వాడుకరికి అందేది వాల్యూఎర్రర్. ఓవర్‌ఫ్లోను పట్టుకోవడానికి రాసిన కోడ్ దాన్ని పట్టుకోదు. ఎక్కడా వాడుకరి రాసిన క్లాసు లేదు, అంతా భాష సొంత పూర్ణాంకమే, అయినా ఎర్రర్ రకం మారిపోయింది.

దీనికి రెండు వర్గాల జవాబులున్నాయి. విలువను చూపించకపోతే బగ్ వెతకడం గుడ్డివాడి నడకేనని, కాబట్టి రెప్ర్ ఉండాల్సిందేనని ఒక వర్గం. మార్పిడి విఫలమైతే దాని బదులు ఏదో ఒక మాట పెట్టి ముందుకు సాగాలని ఈ వర్గంలో చాలామంది అంటారు. రస్ట్ భాషకు పైథాన్ వారధి అయిన పైఓ3 ఇలాగే చేస్తుంది. డిస్‌ప్లే అడిగితే స్ట్ర్, డీబగ్ అడిగితే రెప్ర్ పిలుస్తుంది. అది విఫలమైతే ఆ లోపాన్ని విడిగా నమోదు చేసి, ఫలానా రకపు అచ్చు వేయలేని ఆబ్జెక్టు అని రాస్తుంది. ఎర్రర్ మెసేజ్‌లో విలువకు చోటే వద్దు, రకం చెబితే చాలన్నది రెండో వర్గం. లువా ప్రామాణిక మెసేజ్‌లు ఈ కోవవే, అంకె కావాలి, నిల్ వచ్చింది అంటాయి తప్ప విలువ జోలికి పోవు.

నా మొగ్గు రెండో వర్గం వైపు, ఒక్క మినహాయింపుతో. తప్పు విలువలోనే ఉన్నప్పుడు, అంటే తెలియని ఆప్షన్ పేరో దొరకని కీయో అయినప్పుడు, విలువ చూపించాలి. చూపించేటప్పుడు రెప్రే వాడాలి, ఎందుకంటే ఖాళీ స్ట్రింగ్‌కు స్ట్ర్ రూపం మెసేజ్‌లో కనిపించనే కనిపించదు. మిగతా అన్ని చోట్లా రకం పేరు చాలు. విలువల్లో పాస్‌వర్డులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. మెసేజ్‌లు లాగ్ ఫైళ్లలోకి చేరి ఎవరెవరి కళ్లబడతాయో ఎక్స్‌టెన్షన్ రచయిత ముందుగా ఊహించలేరు.

రకం పేరు కూడా తేలిక కాదు

రకం చెబితే చాలనుకున్నా, ఏ పేరు చెప్పాలన్నది పైథాన్‌లో దశాబ్దాల పాటు తేలలేదు. అందరూ వాడింది టైప్ నిర్మాణంలోని టీపీ_నేమ్. సీలో స్థిరంగా నిర్వచించిన రకాలకు అందులో మాడ్యూల్ పేరు కూడా ఉంటుంది, ఉదాహరణకు డేట్‌టైమ్ మాడ్యూల్‌లోని టైమ్‌డెల్టా. పైథాన్‌లో క్లాస్ అని రాసి పుట్టించిన రకాలకు పొట్టి పేరు మాత్రమే. ఒకే ఫార్మాట్ స్ట్రింగ్ రెండు రకాల ఆబ్జెక్టులకు రెండు రకాల పేర్లు ఇచ్చేది. స్థిరమైన ఏబీఐకి కట్టుబడిన ఎక్స్‌టెన్షన్లకు టీపీ_నేమ్ అసలు అందదు. పైగా ఆబ్జెక్టు నుంచి రకాన్ని అరువు రెఫరెన్స్‌గా తీసుకుని దాని పేరు పాయింటర్ పట్టుకునే లోపు మరెవరైనా ఆబ్జెక్టు క్లాసును మార్చేస్తే? ఒకేసారి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే జిల్ అనే తాళం లేని పైథాన్‌లో ఇది ఊహకే పరిమితం కాదు.

విక్టర్ స్టిన్నర్ 2023లో రాసిన పెప్ 737 దీన్ని చాలావరకు కుదుటపరిచింది. 3.13లో పెద్ద టీ, పెద్ద ఎన్ అక్షరాలు వచ్చాయి. పెద్ద టీకి ఆబ్జెక్టు ఇస్తే దాని రకం పూర్తి పేరు, పెద్ద ఎన్‌కు రకాన్నే ఇవ్వాలి. మధ్యలో హ్యాష్ గుర్తు పెడితే మాడ్యూల్‌కూ క్లాసుకూ నడుమ చుక్కకు బదులు కోలన్ వస్తుంది. రచయిత పాయింటర్ పట్టుకోవాల్సిన అవసరం తప్పింది. ఫార్మాటర్‌కు ఆబ్జెక్టు ఇస్తే చాలన్న సూత్రం రకాల పేర్లకూ విస్తరించింది.

కోత ఎక్కడ, ఏ కొలతతో

పైథాన్ సీ కోడ్‌లో రకం పేరు పక్కన 100, 200 లాంటి కోత సంఖ్యలు చాలా చోట్ల కనిపిస్తాయి. వీటికి కారణం చరిత్ర. తొలినాళ్లలో పైఎర్_ఫార్మాట్ 500 బైట్ల స్థిర బఫర్‌లో రాసేది, హద్దు దాటకుండా చూసుకోవాల్సింది పిలిచేవారే. 2001లో బఫర్ అవసరాన్ని బట్టి పెరిగేలా మార్చారు. కారణం పోయింది, అలవాటు మిగిలింది. పెప్ 737 కూడా దీన్ని గుర్తించి, రకం పేర్లను కత్తిరించే ఆచారం వదులుకోమంటుంది.

కోత కొలమానం ఇంకా పెద్ద చిక్కు. పైయూనికోడ్_ఫ్రమ్‌ఫార్మాట్‌లో చిన్న ఎస్‌కు ఇచ్చిన కోత సంఖ్య బైట్లను లెక్కిస్తుంది. పెద్ద ఎస్, పెద్ద ఆర్, పెద్ద యూలకు ఇచ్చినది కోడ్ పాయింట్లను లెక్కిస్తుంది. ఆంగ్లంలో రెండూ ఒకటే కాబట్టి తేడా ఎవరికీ తగలదు. తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్ మూడు బైట్లు. 200 బైట్ల హద్దులో 66 కోడ్ పాయింట్లు పడతాయి, రెండు బైట్లు తెగిపోయి మిగులుతాయి. ‘తెలుగు’ను 10 బైట్ల దగ్గర కోస్తే ‘తెల’ తర్వాత కొమ్ములో మూడో వంతు మిగులుతుంది. చాలా వెర్షన్ల పాటు ఆ ముక్క స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న నల్లని వజ్రం గుర్తు పడేది.

కోడ్ పాయింట్ల లెక్కా మనకు పూర్తిగా సరిపోదు. అదే మాటను 5 కోడ్ పాయింట్ల దగ్గర కోస్తే ‘తెలుగ’ అవుతుంది, చివరి కొమ్ము ఊడిపోతుంది. ‘పుస్తకం’లో నాలుగు కోడ్ పాయింట్ల తర్వాత కోస్తే ‘పుస్’ దగ్గర ఆగి, త ఒత్తు అవతల పడుతుంది. పైథాన్ 3లో క్లాసులకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు కాబట్టి ఇది డేటాకే కాదు, రకాల పేర్లకూ వర్తిస్తుంది. చదివేవారి కంటికి ఒక అక్షరంగా కనిపించే గుంపును యూనిట్‌గా తీసుకునే కోత పైన చెప్పిన ఫార్మాటర్లలో దేనికీ లేదు. సంయుక్తాక్షరాల సరిహద్దులు గుర్తించడానికి యూనికోడ్ పట్టికలు కావాలి, వాటిని ఎర్రర్ మెసేజ్ దారిలోకి లాగడం బరువని అభ్యంతరం. అభ్యంతరంలో నిజముంది. అలాంటప్పుడు కోయకుండా వదిలేయడమే సరైన పని. బఫర్ ఇరుకు తీరిపోయి చాలా ఏళ్లైంది.

ఆర్గ్యుమెంట్ల వరుసకు ప్రత్యామ్నాయాలు

సీ ప్రింట్‌ఎఫ్ తరహా ఫంక్షన్లకే భవిష్యత్తులో ఎంత చోటుండాలన్నది చివరి వివాదం. ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకునే ఫంక్షన్‌ను వేరే భాషల నుంచి పిలవడం ఇబ్బంది. యాపిల్ ఆర్మ్64 యంత్రాల మీద ఇలాంటి ఫంక్షన్లకు ఆర్గ్యుమెంట్లు అందించే పద్ధతే వేరు. సాధారణ ఫంక్షన్‌లా పిలిస్తే అవతలి వైపు చెత్త చదువుతుంది.

సీ++లో పైబైండ్11 స్ట్ర్, రెప్ర్‌లను రకాలుగా, ఫంక్షన్లుగా ఇచ్చి, పైథాన్ సొంత ఫార్మాట్ మెథడ్‌నే వాడుకోనిస్తుంది. రస్ట్‌లో ఫార్మాట్ స్ట్రింగ్‌ను కంపైలరే విప్పి చూస్తుంది కాబట్టి రకం తప్పే అవకాశం లేదు. ప్రింట్‌ఎఫ్ చదువుకోవడానికి హాయి, రస్ట్ తనిఖీకి బలం. సీలోనే ఉండిపోవాల్సినవారికి పైథాన్ 3.14లో పైయూనికోడ్‌రైటర్ అధికారికంగా వచ్చింది. ఒక రైటర్ తెరిచి, ముక్క ముక్కగా స్ట్ర్, రెప్ర్, యూటీఎఫ్-8 బైట్లు చేర్చుకుంటూ పోయి, చివర్లో ముగిస్తే స్ట్రింగ్ వస్తుంది. ప్రతి పిలుపుకూ స్థిరమైన ఆర్గ్యుమెంట్లు, రకాలను కంపైలర్ చూస్తుంది, వేరే భాషల నుంచి పిలవడానికీ అడ్డు లేదు. ఎక్కడ విఫలమైందో ప్రతి పిలుపూ విడిగా చెబుతుంది.

కానీ ఒక వరుసలో అయ్యే మెసేజ్‌కు రైటర్‌తో ఆరేడు వరుసలు, ప్రతి దాని తర్వాత ఒక తనిఖీ, విఫలమైతే రైటర్‌ను పారేసే దారి ఒకటి కావాలి. అంత రాయడానికి ఎవరూ ఇష్టపడరని పైథాన్ వాళ్లే ఒప్పుకున్నట్టుంది. రైటర్‌కు పాత ఫార్మాట్ స్ట్రింగులనే తీసుకునే పైయూనికోడ్‌రైటర్_ఫార్మాట్‌ను కూడా జోడించారు. అందులో పెద్ద ఆర్ ఉంది, పెద్ద టీ ఉంది. కంపైలర్ తనిఖీ మాత్రం అక్కడా లేదు.